కోటల దారి (7): ఎక్కేవాళ్ల నేలలో భువనగిరి

పోయిన వారం కీసరగుట్ట మీద విష్ణుకుండినుల నాటి ఇటుక గోడల దగ్గర ఆగాం. అక్కడి నుంచి దక్షిణానికి దిగితే అన్నోజిగూడ. ఇక్కడ వరంగల్ రహదారి ఎక్కి తూర్పు ముఖం పడితే 30 కిలోమీటర్ల లోపే భువనగిరి కోట. ఉప్పల్, నాచారం, మేడిపల్లి, నారపల్లి, పోచారం వైపు కాపురముండే వారికి గోల్కొండ చేరడం కంటే ఇక్కడికి రావడమే సులువు. అయినా యాదగిరిగుట్ట దర్శనానికి పోతూ కారు కిటికీలోంచి ఆ బండను చూసి దాటిపోయేవారే ఎక్కువ. వాళ్లను ఒక ఆదివారం పొద్దున్నే కారు దింపి కోట ఎక్కించాలన్న కోరికతో ఈ భాగం రాస్తున్నాను.

ఈ కోట కథంతా ఎక్కడం చుట్టూ తిరుగుతుంది. ఎవరూ ఎక్కి రాకూడదని రాజులు దాన్ని కట్టుకున్నారు. కట్టుకున్నది మాత్రం తెల్లవారక ముందే నడుముకు మోకు బిగించి చెట్లెక్కే మనుషుల మధ్య. ఆ మనుషుల్లోంచే ఒకడు మూడు వందల ఏళ్ల కింద కోట మీదికి వచ్చాడు. అతని సంగతి చెప్పే ముందు దారి సంగతి, బండ సంగతి, కల్లు సంగతి చెప్పాలి.

జాతీయ రహదారి 163 అన్నది ఈ దారికి ఇటీవల వచ్చిన అంకె. నిన్నమొన్నటిదాకా 202 అనేవాళ్లం. ఉప్పల్ రింగ్ రోడ్డులో బస్సెక్కితే నారపల్లి వైపు వేసిన ఎలివేటెడ్ కారిడార్ స్తంభాలు కొంతదూరం తోడొస్తాయి. ఆ తర్వాత అన్నోజిగూడ, పోచారం ఇన్ఫోసిస్ ప్రాంగణం, ఘట్‌కేసర్ దగ్గర అవుటర్ రింగ్ రోడ్డు, బీబీనగర్‌లో ఎయిమ్స్. 1886లో నిజాం రైలు సికింద్రాబాద్ నుంచి వరంగల్ చేరినప్పుడు కూడా ఘట్‌కేసర్, బీబీనగర్, భువనగిరి, ఆలేరు, జనగామ అన్న వరుసనే పట్టుకుంది. రైలు రాకముందు గోల్కొండకూ ఓరుగల్లుకూ మధ్య తిరిగిన సైన్యాలు, సరుకుల బండ్లు, తివాచీల వ్యాపారులు కూడా దాదాపు ఈ దిక్కునే నడిచారు. ధనం నడిచే దారి మీద కాపలాకు కోట కావాలి. దోచుకునేవాడికీ ఆ దారే కావాలి. భువనగిరి ఈ రెంటి మధ్యా నిలబడిన ఊరు.

కల్లు సంగతికి వచ్చే ముందు ఒక మాట: ఈ నేలకు ద్రాక్షతో కూడా కొంత బంధం ఉంది. 1890 ప్రాంతంలో అబ్దుల్ బాఖర్ ఖాన్ హైదరాబాద్‌కు పరిచయం చేసిన అనాబ్-ఎ-షాహీ రకం నగరం చుట్టుపక్కల పల్లెల్లో పందిళ్లకెక్కింది. పొడవాటి పండు, తేనె రంగు. మార్కెట్‌లో దానికి దశాబ్దాలపాటు తిరుగులేదు. అది తినే పండు, దాని నుంచి ఇక్కడ ద్రాక్షసారా పరిశ్రమ పుట్టలేదు. నీళ్లు అడుగంటి, భూమి గజాల్లో అమ్ముడయ్యే సరుకయ్యాక పందిళ్లు పోయాయి. ఈ ప్రాంతపు అసలు పానీయం ద్రాక్షలో లేదు. బీబీనగర్ దాటాక పొలం గట్ల మీద, చెరువు కట్టల మీద, పడావు భూముల్లో నిలబడిన తాటిచెట్లలో ఉంది.

కోటనూ పానీయాన్నీ కలిపి చూసే పద్ధతికి ఒక ఉదాహరణ చెబుతాను. స్పెయిన్‌లో దువేరో నది ఒడ్డున పెన్యాఫియెల్ అనే ఊరుంది. ఆ ఊరి గుట్ట మీద 200 మీటర్లకు పైగా పొడవుండి, వెడల్పు బహు తక్కువైన సన్నని కోట ఒకటి ఉంది. మధ్యయుగంలో ఆ నది క్రైస్తవ రాజ్యాలకూ ముస్లిం రాజ్యాలకూ సరిహద్దు. అందుకే ఒడ్డు పొడవునా కోటలు. ఇప్పుడు ఆ లోయ రిబేరా దెల్ దువేరో పేరుతో ద్రాక్షసారాకు ప్రసిద్ధి. 1999 నుంచి ఆ కోట లోపలే ద్రాక్షసారా మ్యూజియం నడుస్తోంది. యాత్రికుడు బురుజెక్కి సరిహద్దు యుద్ధాల గురించి వింటాడు, కిందికి దిగి తోటల గురించి వింటాడు. గుట్ట కడుపులో తొలిచిన నేలమాళిగల్లో సారా పీపాలు చూస్తాడు. కోటనూ తోటనూ అక్కడ ఒకే కథగా చెబుతారు. స్పెయిన్ ప్రభుత్వం 1949లోనే ఒక్క ఉత్తర్వుతో దేశంలోని కోటలన్నిటినీ, శిథిలాలతో సహా, తన రక్షణలోకి తెచ్చుకుంది. 1928లో ప్రభుత్వ విడిది గృహాలు మొదలుపెట్టి, ఆ తర్వాత పాత కోటలను, మఠాలను అలా మారుస్తూ వచ్చింది.

మన దగ్గర కోట కథ ఒకచోట, కల్లు కథ మరోచోట. కోట పురావస్తు శాఖకు, కల్లు ఆబ్కారీ శాఖకు. చరిత్ర పుస్తకంలో రాజు పేరుంటుంది, చెట్టెక్కే మనిషి పేరుండదు. ఈ విడదీత వల్ల భువనగిరి కథలో సగం మనకు అందకుండా పోయిందని నా నమ్మకం.

ఇక బండ దగ్గరికి పోదాం. దూరం నుంచి చూస్తే గుడ్డు ఆకారంలో ఒకే రాయి. ఊరి మీద దాదాపు 500 అడుగుల ఎత్తున లేస్తుంది. పైన కోట విస్తీర్ణం సుమారు 40 ఎకరాలు. హైదరాబాద్ చుట్టూ కనిపించే గుట్టలన్నిటిలాగే ఇదీ 250 కోట్ల ఏళ్లనాటి గ్రానైటు. ఎండకూ వానకూ పొరలు పొరలుగా ఊడిపోతూ నునుపెక్కిన రాయి కాబట్టి దీని ఒంటి మీద కాలు నిలవదు. కోట కట్టేవాడికి అదే సగం గోడ. కల్యాణి చాళుక్యుల్లో ఆరవ విక్రమాదిత్యుడు 1076 నుంచి 1126 దాకా పాలించాడు. ఆయన బిరుదు త్రిభువనమల్లుడు. ఆ బిరుదు మీదనే గుట్టకు త్రిభువనగిరి అన్న పేరు వచ్చిందని, అదే భువనగిరి అయిందని చెబుతారు. అప్పటికి కాకతీయులు ఇంకా చాళుక్యుల సామంతులు. ఈ ప్రాంతంలో చాళుక్య అధికారానికి కేంద్రం ఇక్కడికి తూర్పున ఉన్న కొలనుపాక.

తర్వాత కోట చేతులు మారింది. కాకతీయులు, బహమనీలు, కుతుబ్‌షాహీలు, 1687లో గోల్కొండ పడిపోయాక మొగలులు. ఎవరి గుర్తు వాళ్లు వేసిపోయారు. మెట్లు ఎక్కుతుంటే అది కళ్లకు కడుతుంది. ఒకచోట కమాను తలుపు, మరోచోట నిలువు రాళ్ల మీద అడ్డరాయి పెట్టిన పాత పద్ధతి ద్వారం. పైన శిథిల మహలు పక్కనే నంది, ఆంజనేయుని గుడి. ఎవరు పాతవారు, ఎవరు కొత్తవారు అని లెక్క తీయడం చరిత్రకారుల పని. చూసేవాడికి మాత్రం ఏడెనిమిది వందల ఏళ్లు ఒకే మెట్ల దారిలో ఎదురవుతాయి.

ఈ కోటలో గోడ చుట్టూతా లేదు. బండ నిటారుగా పడిపోయే చోట గోడ అవసరం లేదు, కట్టలేదు. కాలు పెట్టడానికి చోటున్న వైపే రాళ్లు పేర్చారు. దారి ఒక ద్వారం నుంచి మరో ద్వారానికి మలుపులు తిరుగుతూ పోతుంది. మలుపు తిరిగినప్పుడల్లా పైనున్న కాపలావాడికి కిందివాడు పక్క చూపించాల్సి వస్తుంది. పదిమంది నిలబడితే వందమందిని ఆపగల చోట్లు అక్కడ కనిపిస్తాయి. మెట్ల మీద కూర్చుని ఊపిరి తీసుకునే చోటల్లా వెనక్కి తిరిగి కిందికి చూడండి. కోట కట్టినవాడి కన్ను ఏమిటో అప్పుడు తెలుస్తుంది.

నాకు ఈ కోటలో అన్నిటికంటే నచ్చేవి నీటి గుండాలు. బండ మీద పడిన వాన బండ మీదనే జారి, తొలిచిన గుంటల్లో చేరుతుంది. పైన బావి తవ్వలేరు. ముట్టడి పడితే ఈ వాననీళ్లే దిక్కు. కోట ఎన్నాళ్లు నిలుస్తుందన్నది ఫిరంగుల కంటే ముందు ఈ గుండాల లోతు తేలుస్తుంది. కింద చెరువులదీ అదే సూత్రం. రాతినేల మీద నీళ్లు లోపలికి అంతగా ఇంకవు, ఆగితే పైనే ఆగాలి. కాకతీయులు, వాళ్ల తర్వాత వచ్చినవాళ్లు చెరువులు తవ్వించారంటే పుణ్యం కోసమే తవ్వించలేదు. చెరువు లేకుంటే పంట లేదు, పంట లేకుంటే శిస్తు లేదు, శిస్తు లేకుంటే కోటలో బంటుకు జీతం లేదు.

ఇదే మాట రాచకొండ దగ్గర ఇంకా బాగా బోధపడుతుంది. బీబీనగర్ నుంచి పోచంపల్లి మీదుగా చౌటుప్పల్ వైపు దిగి, సంస్థాన్ నారాయణపూర్ మండలంలోని గుట్టల్లోకి పోతే రేచర్ల పద్మనాయకుల రాజధాని. 2016లో నగర తూర్పు భాగానికి కొత్త పోలీసు కమిషనరేట్ ఏర్పడినప్పుడు దానికి ఈ పేరే పెట్టారు. అందువల్ల ఉప్పల్, ఘట్‌కేసర్ వారు రాచకొండను చూడకపోయినా పేరు మాత్రం పోలీసు జీపుల మీద చదివారు. 14వ శతాబ్దం రెండో సగంలో అనపోతానాయకుడు ఇక్కడ కోట కట్టి రాజధాని చేసుకున్నాడు. ఆయన కొడుకు రెండవ సింగభూపాలుడు యుద్ధాలు చేస్తూనే నాట్యశాస్త్ర సంప్రదాయంలో రసార్ణవసుధాకరం రాశాడు. గుట్టల నడుమ ఇంత ఏకాంతంలో కూర్చుని రసాలను వర్గీకరించిన రాజును తలచుకుంటే గౌరవం కలుగుతుంది. సున్నం లేకుండా పెద్ద పెద్ద రాళ్లు ఒకదాని మీద ఒకటి కుదిర్చి కట్టిన అక్కడి గోడలు ఇంకా నిలిచే ఉన్నాయి. వాటితోపాటు నాగసముద్రం చెరువును తప్పక తలుచుకోవాలి. రాచకొండ రాణి నాగాంబిక తవ్వించిన ఆ చెరువు గురించి 1429 నాటి శాసనం చెబుతుంది. తర్వాత కొద్ది ఏళ్లకే రాచకొండ బహమనీల చేతికి పోయింది. రాజ్యం పోయినా చెరువు మిగిలింది.

చెరువు కట్ట మీద తాటిచెట్టు ఉంటుంది. ఎక్కడో నాటినట్టు కనిపించదు, అక్కడే పుట్టినట్టు ఉంటుంది. కట్ట మట్టిని దాని వేళ్లు పట్టుకుంటాయి. వానలు మొహం చాటేసిన ఏడు పొలంలో గింజ పండకపోయినా చెట్టు మీద లొట్టి నిండుతుంది. నల్లగొండ, భువనగిరి, జనగామ లాంటి కరువు నేలల్లో కల్లు పేదవాడి ఆహారం కూడా. ముంజలు, తాటిపండ్లు, గేగులు, ఇంటి కప్పుకు కమ్మలు, దూలానికి మాను. ఇన్ని ఇచ్చే చెట్టు కల్లు ఇవ్వడానికి మాత్రం 15, 20 ఏళ్లు ఆగమంటుంది. తాత నాటిన చెట్టును మనవడు గీస్తాడు.

గీత పని చూడనివారు ఒకసారి చూసి తీరాలి. నడుముకూ చెట్టుకూ కలిపి మోకు, కాళ్లకు గుజి, నడుముకు ముస్తాదు. ముస్తాదులో గీత కత్తులు, వాటిని నూరే సరంజామా. అరవై డెబ్భై అడుగుల మాను మీద మోకును ఒక్కో జానెడు పైకి విసురుతూ, దాని మీద ఒరుగుతూ ఎక్కుతారు. పైన కమ్మల మధ్య కూర్చుని పూత గెలను సన్నని పొరగా కోసి లొట్టి కట్టి దిగుతారు. పొద్దున ఒకసారి, సాయంత్రం మరోసారి. చేతిలో ఉన్న చెట్లన్నిటికీ అంతే. కోత మందమైతే గెల పాడవుతుంది, పలచనైతే ధార రాదు. ఆ చేతివాటం మాటలతో నేర్పేది కాదు.

భువనగిరి దగ్గర ఒక కల్లు మండువలో ఆలస్యంగా పోయిన నాకు ఒక పెద్దాయన చెప్పింది ఇప్పటికీ గుర్తుంది. “పొద్దుగాల రావాలె బిడ్డా. ఎండెక్కినంక అది కల్లు గాదు, పులుసు.” ఆయన చెప్పింది శాస్త్రం కూడా. చెట్టు నుంచి కారేటప్పుడు అది తియ్యని నీరే. లొట్టిలో పడగానే గాలిలోని ఈస్టు దాన్ని పట్టుకుంటుంది. కొన్ని గంటల్లో కల్లు, మర్నాటికి పులుపు, ఆ తర్వాత వినెగర్. ద్రాక్షసారాకు కాలం కలిసి వస్తుంది, కల్లుకు కాలమే శత్రువు. నిల్వ ఉండే పానీయానికి నేలమాళిగ కావాలి, పీపా కావాలి, వ్యాపారి కావాలి, ఆ వ్యాపారి డబ్బుతో భవనం లేస్తుంది, భవనం పాతబడితే మ్యూజియం అవుతుంది. ఆ పూటకే చెల్లిపోయే కల్లుకు ఇవేవీ లేవు. చెట్టు నుంచి మండువకు, మండువ నుంచి మనిషికి. పెన్యాఫియెల్‌లో కోట కింద తోట కథ చెప్పడానికి రాతి కట్టడాలు మిగిలితే, మన దగ్గర మనుషుల చేతివాటం తప్ప ఇంకేమీ మిగలకపోవడానికి కారణం ఇదేనని నాకు తోస్తుంది.

ఆబ్కారీ మాత్రం కల్లును వదల్లేదు. నిజాం రాజ్యంలో ఖజానా నింపిన పెద్ద ఆదాయాల్లో ఆబ్కారీ ఒకటి. చెట్టుకు పన్ను, దుకాణానికి హర్రాజు. హర్రాజు పాడినవాడు దొర, చెట్టెక్కినవాడు కూలీ. ఈ అన్యాయం మీద నిలబడి పోరాడినవారిలో బొమ్మగాని ధర్మభిక్షం పేరు ముందు చెప్పాలి. తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసి, జీవితమంతా గీత కార్మికులతో నడిచిన మనిషి. నల్లగొండ నుంచి 1991లో, 1996లో లోక్‌సభకు గెలిచారు. 1996 ఎన్నికల్లో ఫ్లోరైడు నీళ్ల గోడు దేశానికి వినిపించడానికి నల్లగొండలో వందల మంది బరిలో దిగితే మొత్తం అభ్యర్థులు 480 మంది అయ్యారు. ఆ ఫ్లోరైడు కూడా ఈ రాయి ఇచ్చిందే. చెరువులు ఎండి, జనం బోర్లు వేసుకుని రాతి పొరల లోతుల్లోని నీళ్లు తాగడం మొదలయ్యాక బయటపడిన విషం అది. కోట మీద వాననీటి గుండం చూసినప్పుడు ఈ సంగతి మనసులో మెదలకుండా ఉండదు.

ఇక కోట మీదికి వచ్చిన ఆ మనిషి, పాపన్న. జనగామ ప్రాంతంలోని ఖిలాషాపూర్ ఆయన ఊరు, కల్లు గీసే కులం. 1650లో పుట్టాడని చెబుతారు. ఆగస్టు 18న జయంతి జరుపుతారు. ఆయన గురించి రెండు రకాల సాక్ష్యం ఉంది. ఒకటి మొగలు కాలపు చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ పారసీలో రాసినది, మరొకటి జనం పాడుకున్నది. ఆ పాటలోని ఒక రూపాన్ని 1874లో జె. ఎ. బోయల్ ఇండియన్ ఆంటిక్వరీ పత్రికలో అచ్చు వేయించాడు. 1980లో జాన్ రిచర్డ్స్, వెల్చేరు నారాయణరావు ఈ రెండు సాక్ష్యాలనూ పక్కపక్కన పెట్టి చదివారు. 2005లో రిచర్డ్ ఈటన్ దక్కను సామాజిక చరిత్ర గురించిన పుస్తకంలో పాపన్నకు ఒక అధ్యాయమే ఇచ్చాడు. ఖాఫీ ఖాన్‌కు ఆయన దొంగ. పాటకు వీరుడు.

ఖాఫీ ఖాన్ కథనం ఇలా నడుస్తుంది. పాపన్న మొదట డబ్బున్న తన అక్క సొమ్మే దోచి మనుషులను కూడగట్టాడు. తరికొండలో, అంటే ఇప్పటి తాటికొండగా గుర్తించే చోట, గుట్ట మీద స్థావరం చేసుకుని హైదరాబాద్ – వరంగల్ దారిలో పోయే వ్యాపారులను కొట్టాడు. ఫౌజ్‌దార్లు వెంటపడితే ఇప్పటి కామారెడ్డి జిల్లాలోని కౌలాసకు పోయి జమీందారు వెంకటరావు కొలువులో చేరాడు. అక్కడా దోపిడీ మానకపోవడంతో ఖైదులో వేశారు. జమీందారు కొడుక్కి జబ్బు చేసింది. ఖైదీలను వదిలితే బిడ్డ బతుకుతాడని తల్లి నమ్మింది. అందరితోపాటు పాపన్న కూడా బయటపడ్డాడు. తిరిగొచ్చి షాపూర్‌లో, అంటే మన ఖిలాషాపూర్‌లో, కోట కట్టాడు. కొలనుపాక ఫౌజ్‌దారు ఖాసిం ఖాన్ మీదికొచ్చి ప్రాణం పోగొట్టుకున్నాడు. మొగలు సైన్యం ఆ కోటను పేల్చేస్తే, ఈసారి రాయి, సున్నంతో మళ్లీ కట్టి ఫిరంగులు పెట్టించాడు.

1707లో ఔరంగజేబు చనిపోయాడు. కొడుకులు గద్దె కోసం కొట్టుకుంటున్నారు. హైదరాబాద్‌లో అధికారం ఎవరిదో ఎవరికీ తెలియని కాలం. 1708 మార్చి నెలాఖరు, మొహర్రం పదో రోజు దగ్గరపడింది. వరంగల్ కోటలో వాళ్లంతా పీరీల వేడుకలో మునిగి ఉన్నారు. ఆ రాత్రి పాపన్న మనుషులు తాళ్లు వేసుకుని గోడలెక్కారు. ఏప్రిల్ 1 కల్లా కాకతీయుల రాజధాని ఆయన చేతిలో ఉంది. తివాచీలకు పేరుపడ్డ నగరాన్ని దోచారు. ధనవంతుల ఇళ్ల ఆడవాళ్లను, పిల్లలను పట్టుకుపోయి షాపూర్‌లో బంధించారు. ఆ సొమ్ముతో తుపాకులు కొన్నాడు. రెండు నెలలకు భువనగిరి మీద పడ్డాడు. అది ప్రవక్త జయంతి సమయం. అదీ పండుగ చూసి ఎంచుకున్న రాత్రే.

తాడు పట్టి రాత్రిపూట నిటారు గోడ ఎక్కడం ఏ సైన్యానికైనా ప్రాణాంతకమైన పని. ఈ సైన్యంలో నిత్యం మోకు మీద బతికినవాళ్లు ఎంతమందో ఎవరూ రాసిపెట్టలేదు. నాయకుడైతే ఆ వృత్తిలో పుట్టినవాడే. భువనగిరి మెట్ల దారి మొత్తం, ఆ మలుపులు, ఆ ద్వారాలు, భూమ్మీద నడిచి వచ్చే శత్రువును తలుచుకుని కట్టినవి. చెట్టెక్కినట్టు ఎక్కి వచ్చేవాడు చాళుక్య శిల్పి ఆలోచనలో ఉండి ఉండడు. కోట ముందు నిలబడినప్పుడల్లా నాకు తోచే సంగతి ఇది. భువనగిరి కోట శిఖరం ఆయనకు దక్కిందా, కింది ఊరే దక్కిందా అన్నది పక్కన పెడదాం. జనం పాటలో మాత్రం కోట ఆయనదే.

పాటలో పాపన్న చుట్టూ ఉన్నవారి పేర్లు వింటే ఈ సైన్యం ఎట్లాంటిదో తెలుస్తుంది. చాకలి, మంగలి, కుమ్మరి, మేదరి, ఎరుకల, యానాది, దూదేకుల, తురక, అందరూ ఉన్నారు. అది మతం మీద మతం చేసిన యుద్ధం అయ్యే వీలు లేదు. ఎదుటి పక్షంలోనూ జమీందార్లు, ఫౌజ్‌దార్లు, హిందువులు, ముస్లింలు కలిసే ఉన్నారు. ఆయన మీద ఫిర్యాదు చేసినవారు రెండు మతాల్లోని కలిగినవారు. అంతమాత్రాన చేతులు కడిగి ఆయనను పూజగదిలో పెట్టడం నాకు సమ్మతం కాదు. షాపూర్‌లో బందీలైన ఆడవాళ్లు, పిల్లలు ఉన్నారు. వాళ్ల కన్నీళ్లు కూడా ఈ చరిత్రలోవే. పేదవాడు కోట కొట్టగలడని చూపినందుకు పాపన్నను తలచుకుంటాను, బందీలను మరవను.

1709 జనవరిలో కొత్త పాదుషా బహదూర్ షా, తమ్ముడు కాంబక్షును ఓడించి హైదరాబాద్‌లో దర్బారు తీర్చాడు. పాపన్న ధైర్యంగా ఆ దర్బారుకు పోయాడు. 14 లక్షల రూపాయలు సమర్పించుకుని, బదులుగా ఖిలత్తు అనే గౌరవ వస్త్రం కప్పించుకుని వచ్చాడు. కల్లు గీసే ఇంట పుట్టినవాడికి పాదుషా చేతి గౌరవం. పెద్దింటివాళ్లు అది భరించలేకపోయారు. మా ఆడబిడ్డలను చెరపట్టినవాడికి సన్మానమా అని గోల చేశారు. పాదుషా మనసు మార్చుకుని సుబేదారు యూసుఫ్ ఖాన్‌ను పాపన్న మీదికి పురమాయించాడు.

పతనం మాత్రం ఇంట్లోంచి మొదలైంది. షాపూర్‌లో ఖైదులో ఉన్నవారిలో పాపన్న బావమరిది ఒకడు. పాపన్న భార్య తన తమ్ముడికి అన్నంలో ఆకురాళ్లు దాచి పంపిందట. సంకెళ్లు కోసుకుని ఖైదీలు కోటనే పట్టేశారు. వేరే ముట్టడిలో ఉన్న పాపన్న పరుగున వచ్చేసరికి తన ఫిరంగులే తన మీద పేలాయి. తరికొండకు తగ్గాడు. నెలల ముట్టడి జరిగింది. కోట వదిలి వచ్చినవాళ్లకు రెట్టింపు జీతమని యూసుఫ్ ఖాన్ ప్రకటించాడు. మందుగుండు అయిపోయింది. 1710లో, కాలికి గాయంతో, మారువేషంలో హసనాబాద్ చేరాడు పాపన్న. కల్లు అమ్మేవాడి దగ్గరికి వెళ్లి కల్లు అడిగాడు. అడిగిన తీరులోనే అతను గుర్తుపట్టాడట. కబురు పోయింది, పాపన్న దొరికిపోయాడు. తలను పాదుషా కొలువుకు పంపారు, మొండాన్ని హైదరాబాద్ ద్వారానికి వేలాడదీశారు. ఇది పారసీ కథనం. పాటలో పాపన్న శత్రువు చేతికి చిక్కడు. తన కత్తితో తానే పోతాడు.

భువనగిరి కోట కింద పుట్టిన తిరుగుబాట్లు అంతటితో ఆగలేదు. 1944లో ఆంధ్ర మహాసభ 11వ సమావేశం భువనగిరిలోనే జరిగింది. అధ్యక్షుడు రావి నారాయణరెడ్డి, ఇదే తాలూకా బొల్లేపల్లి మనిషి. మితవాదులు విడిపోయి, సంఘం కమ్యూనిస్టుల చేతికి వచ్చింది అక్కడే. ఆ తర్వాత నల్లగొండలో సాయుధ పోరాటం ఎలా నడిచిందో ఈ పత్రిక పాఠకులకు తెలుసు.

బండకు ఇప్పటికీ ఎక్కేవాళ్లు వస్తూనే ఉన్నారు. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. గురుకుల పాఠశాలలో చదివే గిరిజన బాలిక. ఆమె, ఆమెతో ఎవరెస్టు ఎక్కిన సాధనపల్లి ఆనంద్ కుమార్, తాడు పట్టడం నేర్చుకున్నది భువనగిరి రాతి మీదే. బీబీనగర్, భువనగిరి చుట్టుపక్కల గీత కార్మికులు ఇవాళ కూడా రోజూ ఎక్కుతున్నారు, కొందరు జారిపడి చనిపోతున్నారు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరుతో వాళ్లకు భద్రతా కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. 2023లో నెక్లెస్ రోడ్డులో నీరా కేఫ్ తెరిచాక భువనగిరి దగ్గర నీరా తీసే నందనం ఊరి పేరు నగరవాసులకు కాస్త తెలిసింది. పులియని నీరాకు చల్లని పెట్టె దొరికితే గంటల ఆయువు రోజులవుతుంది. మన కల్లుకు ఇన్నాళ్లు లేని నిల్వ అది.

కోటకు రోప్‌వే వేస్తారని చాలాకాలంగా వింటున్నాం. ముసలివాళ్లకు, నడవలేనివాళ్లకు అది మేలే. అది వచ్చేలోగా కోట మొదట్లో ఒక్క గది తెరవమని నా విన్నపం. అందులో చాళుక్య బిరుదుతోపాటు నాగసముద్రం శాసనం నకలు, పాపన్న పాట వినిపించే యంత్రం, ఒక మోకు, ఒక ముస్తాదు, ఒక లొట్టి ఉండాలి. గీసే మనిషినే కూర్చోబెట్టి చెప్పిస్తే ఇంకా మంచిది.

వెళ్లదలిస్తే సూర్యుడు లేచే వేళకు మెట్ల దగ్గర ఉండండి. తొమ్మిది దాటితే రాయి కాలుతుంది. నీళ్లు వెంట తీసుకెళ్లండి. వానాకాలంలో పాచి పట్టిన చోట జాగ్రత్త. వచ్చే వారం ఖాసిం ఖాన్ ఫౌజ్‌దారీ చేసిన కొలనుపాకకు పోదాం. అక్కడి సోమేశ్వరాలయం, జైన మందిరం చూసుకుని, జనగామ దాటి ఖిలాషాపూర్ గోడల దగ్గరికి.